నీళ్ల చీటీ

అజెలెక్ మిషన్ ఆసుపత్రి, తేసో
ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం తిండిగింజల లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. కవరు నిండా మొక్కజొన్న పిండి, లోపల నిండా నీ తిట్లు. రెండూ క్షేమంగా చేరాయి.

నీ అకోల్ బాగుంది. ఇంకా మూడేళ్లు నిండలేదు గానీ ఇంటి పెత్తనమంతా దానిదే. నిన్న అమ్మ ఆకుకూర తరుగుతుంటే "అలా కాదు అమ్మమ్మా, సన్నగా" అందట. "దీని తల్లి ఒక్కతి పంతులమ్మ అయింది చాలదా" అని అమ్మ ఒకటే నవ్వు. బావ పోయాక నువ్వు ఆ కరమోజా కొండల్లో ఉద్యోగానికి వెళ్లడం ఇష్టం లేకపోయినా, పశువుల దొంగలూ తుపాకులూ ఉన్నచోటికి పిల్లని తీసుకెళ్లకుండా మా దగ్గర వదిలావు, అది మాత్రం మంచి పని చేశావు. అది నిన్ను అడగడం లేదని రాస్తే నీకు కోపం, రోజూ అడుగుతోందని రాస్తే ఏడుపు. అందుకని ఏదీ రాయను.

మా పిల్లల వార్డులో పెద్ద పరిశోధన ఒకటి మొదలైంది. జ్వరంతో వచ్చి, కాళ్లూ చేతులూ చల్లబడి, ఎగశ్వాస పెడుతూ, పిలిస్తే పలకని పిల్లలుంటారు చూడు, వాళ్ల కోసం. అలాంటి బిడ్డ రాగానే తల్లికి అంతా చెప్పి, ఒప్పుకుంటే వేలిముద్ర వేయించుకుని, పెట్టెలో అన్నిటికన్నా పైనున్న కవరు తెరవాలి. లోపల చీటీ ఉంటుంది. "నీళ్లు" అని ఉంటే సెలైన్ గంటలో గబగబా ఎక్కించాలి. "నీళ్లు వద్దు" అని ఉంటే మలేరియా సూది, మిగతా మందులు, కావలిస్తే రక్తం. అంతే.

చదువుకునేటప్పుడు మాకు నేర్పింది ఒకటే, ఒళ్లు చల్లబడితే ముందు నీళ్లు ఎక్కించమని. డాక్టర్ ఎతియాంగ్‌ని అడిగేశాను. "మంచిదని అనుకుంటున్నాం అముగే. ఎవరూ సరిగ్గా చూడలేదు. బాటిళ్లు ఉన్నచోట ఎక్కించారు, లేనిచోట మానేశారు. ఏది నయమో తెలియకుండా ఇంకెన్నాళ్లు చేస్తాం?" అన్నాడు. ఆయన మంచివాడే. మొన్న నర్సుల కొరత ఉందని తనే దుప్పట్లు ఉతికాడు. కానీ "నీళ్లు వద్దు" చీటీ వచ్చినప్పుడు ఆ తల్లి మొహంలోకి చూడలేకపోతున్నాను.

నీ చెల్లెలు
అముగే


లొకితెలా బడి, కరమోజా
మే 2

అముగే,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక అన్నం సయించలేదు.

చీటీలు తీస్తారా? మన ఊళ్లో రాగుల కల్లు కుండ చుట్టూ ఎవరు ఎటు కూర్చోవాలో తేలకపోతే చీటీలు తీస్తారు. పిల్లల ప్రాణాలకి కూడానా? మీ డాక్టరు దుప్పట్లు ఉతికితే ఉతకనీ. తన పిల్లలకి తీస్తాడా చీటీ?

ఒక్క మాట రాస్తున్నా, మనసులో పెట్టుకో. నా కూతురు ఎప్పుడైనా ఆ వార్డు గుమ్మం తొక్కాల్సి వస్తే దానికి నీళ్లు ఎక్కాలి. చీటీలో ఏముందో నాకు అనవసరం. నర్సు పిన్ని ఉండి ఏం లాభం లేకపోతే? నేను బతిమాలడం లేదు. అక్కగా చెబుతున్నాను.

ఇక్కడ మామూలే. పిల్లలు గంజి కోసం బడికి వస్తారు, గంజి అయ్యాక మేకల కోసం వెళ్లిపోతారు. గంజి కాచే నాపెయోక్ ఒక్కతే నాకు తోడు. రోజూ నన్ను ఆటపట్టిస్తుంది. "టీచరమ్మా, మీ తేసోవాళ్లు కోళ్లలాగా గింజలేరుకు తింటారు, అందుకే గాలేస్తే పడిపోతారు. మాలాగా పాలు తాగు, ఆవు రక్తం తాగు" అంటుంది. దానికో కూతురు, నాకుట్ అని, నాలుగేళ్లది. పొయ్యి పక్కనే కూర్చుని నా సుద్దముక్కలు కొరుకుతుంది. దాన్ని చూస్తే అకోల్ గుర్తొస్తుంది. చూడకపోయినా గుర్తొస్తుందిలే.

అక్క


అజెలెక్
జూన్ 14

అక్కా,

నీ కోపం వంద మైళ్లు లారీలో వచ్చినా వేడి తగ్గలేదు.

అకోల్ మంచం మీద దోమతెర నేనే కట్టాను. చిరుగులు నేనే కుట్టాను. అది వార్డుకి ఎందుకొస్తుంది? ఇలాంటి మాటలు ఇంకెప్పుడూ కాగితం మీద పెట్టకు. ఎవరైనా చదివితే నా ఉద్యోగం పోతుంది.

కానీ నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాట ఒకటుంది. మొన్న గురువారం అపోలోట్ అని ఐదేళ్ల పిల్ల వచ్చింది. ఒళ్లు మంచుముద్ద. చీటీ "నీళ్లు" అని వచ్చింది. గంట తిరక్కుండా కళ్లు తెరిచింది. వేరుశనగ ముద్ద కావాలంది! వాళ్లమ్మ వార్డు మధ్యలో గంతులేసింది, నేనూ వేశాను. పక్క మంచం మీద "నీళ్లు వద్దు" చీటీ వచ్చిన పిల్ల మాత్రం ఎలా వచ్చిందో అలాగే మగతలో పడుంది. నా మటుకు నాకు ఆ పరిశోధన అక్కడే తేలిపోయింది. ఇంకా ఏం చూడాలో నాకర్థం కాదు.

అమ్మ నీకు ఎండబెట్టిన చిలగడదుంపలు పంపుతోంది. నాపెయోక్‌కి కూడా పెట్టు. గింజలు కావని చెప్పు.

అముగే


లొకితెలా
ఆగస్టు 30

అముగే,

రేడియోలో చావు కబుర్లు చదువుతుంటే నా కూతురి పేరు విన్నాను. నాపెయోక్ గంజి కలుపుతోంది. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో ఉన్నారు. "అజెలెక్‌లో, టీచర్ అసెకెన్యే కూతురు అకోల్" అన్నాడు. ఆ వెంటనే ఎవరో ముసలాయన పేరు చదివాడు.

నేను ఇల్లు చేరేసరికి దాని మీద మట్టి ఆరిపోయింది. వారం రోజులూ చుట్టాలు, పాటలు, అమ్మ స్పృహ తప్పడం. నీతో ఒక్క గడియ ఒంటరిగా మాట్లాడదామనుకున్నాను. నేను వంటింట్లోకి వస్తే నువ్వు పెరట్లోకి పోయావు. పెరట్లోకి వస్తే డ్యూటీ అన్నావు.

నీ మీద కోపం లేదు. నేను దగ్గర లేను, నువ్వు ఉన్నావు. ఆ రెండు రోజులూ నాకు రాయి. ఏం తిందో, ఏమందో, ఎవరి ఒళ్లో ఉందో. చీటీ ఏమొచ్చిందో కూడా.

అక్క


అజెలెక్
సెప్టెంబరు 15

అక్కా,

రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం కాస్త వెచ్చబడింది. సోమవారం పొద్దున అమ్మ గంజి పడితే కక్కేసింది. నేను అప్పటికే డ్యూటీలో ఉన్నాను. పదకొండు గంటలప్పుడు అమ్మ దాన్ని వీపున కట్టుకుని, సైకిలు టాక్సీ మీద వార్డుకి తెచ్చింది. నన్ను చూసి "పిన్నీ, చలి" అంది. బయట రాళ్లు పగిలే ఎండ. చేతులు పట్టుకుంటే మోచేతుల దాకా చల్లగా ఉన్నాయి.

చీటీ "నీళ్లు" అని వచ్చింది. సూది నేనే గుచ్చాను. ఒక్కసారికే నరం దొరికింది, దానికి నొప్పి పెట్టలేదు. మధ్యాహ్నానికి తేరుకుంది. అమ్మని పిలిచి తల దువ్వమంది. అమ్మ దువ్వుతూ ఉంటే "లాగకు" అని కసిరింది. అది బతికేసిందనుకుని నేను బయటికెళ్లి ఏడ్చాను.

మంగళవారం తెల్లవారాక ఊపిరి బరువైంది. డాక్టర్ ఎతియాంగ్ మంచం పక్కనుంచి కదల్లేదు. తొమ్మిదింటికి అమ్మ ఒళ్లో పోయింది. ఆఖర్న ఏమీ అనలేదు. అంతకుముందు నిన్ను అడిగింది. "అమ్మ బడికెళ్లింది, గంట కొట్టాక వస్తుంది" అన్నాను. సరేనంది.

ఇంతే అక్కా.

అముగే


లొకితెలా
అక్టోబరు 9

అముగే,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. తల దువ్వించుకుందన్న దగ్గర కాగితం నలిగిపోయింది.

అందరూ దేవుడి చిత్తం అంటున్నారు. ఆ మాటతో నాకు ఊరట రావడం లేదు. ఊరట ఒక్కటే. చీటీ మంచిదొచ్చింది. దానికి ఇవ్వగలిగింది ఇచ్చారు. అదే "వద్దు" అని వచ్చుంటే, నీళ్లు ఎక్కించి ఉంటే బతికేదేమో అని బతికినన్నాళ్లూ నన్ను నేనే తినేసేదాన్ని. ఆ బాధ మిగల్లేదు. నీ చేతి మీదుగా అంతా జరిగింది. నీ రుణం ఎలా తీర్చుకోను?

పిల్లలకి ఎక్కాలు చెబుతున్నాను. నాపెయోక్ రోజూ నా ఎదురుగా కూర్చుని తినేదాకా లేవదు. వేళాకోళం మానేసింది. అదే నాకు భయంగా ఉంది.

అక్క


అజెలెక్
జనవరి 20

అక్కా,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

పరిశోధన ఆపేశారు. అనుకున్న గడువుకన్నా ముందే ఆపేశారు. నిన్న డాక్టర్ ఎతియాంగ్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. అన్ని ఆసుపత్రుల కాగితాలూ కలిపి చూస్తే, నీళ్లు గబగబా ఎక్కించిన పిల్లలే ఎక్కువమంది పోయారు. వందకి ముగ్గురు ఎక్కువ. మొదట తేరుకున్నట్టు కనిపించి, ఒకటి రెండు రోజుల్లో పోయారు. సిస్టర్ ఒకామె లేచి "నేను ఇరవై ఏళ్లుగా ఎక్కిస్తున్నాను డాక్టర్" అంది. ఆయన "నేనూ" అన్నాడు.

వేరుశనగ ముద్ద అడిగిన అపోలోట్ గురించి నీకు రాశాను కదా. మూడో రోజున పోయింది. నీకు రాయలేదు. పక్క మంచం మీద మగతలో ఉన్న పిల్ల వారానికి నడిచి ఇంటికెళ్లింది. అదీ రాయలేదు. కళ్లెదుట జరిగినా నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

అకోల్‌కి వచ్చిన చీటీ "నీళ్లు వద్దు".

పైన ఉన్న కవరు తెరిచాను, చూశాను. ఆ సమయానికి గదిలో ఎవరూ లేరు. రెండో కవరు తెరిచాను. "నీళ్లు" అని ఉంది. దాని మీద అకోల్ పేరు రాశాను. మొదటిది మళ్లీ అంటించి పైన పెట్టేశాను. మధ్యాహ్నం కర్రపెండలం అమ్మే అదెకె తన పసి కూతుర్ని తెచ్చింది. అకోల్ చీటీ ఆ పిల్లకి పోయింది. ఆ పిల్ల బతికింది.

నేను చేసింది ఇదీ. దీన్ని ఇంకోలా రాయడం నాకు చేతకాదు.

అముగే


లొకితెలా
ఫిబ్రవరి 11

అముగే,

నాలుగు నెలలు నాతో దండాలు పెట్టించుకున్నావు. నీ రుణం తీర్చుకోలేనని రాస్తే చదివి ఊరుకున్నావు. ఎలా ఊరుకోబుద్ధి అయింది?

దేవుడు తీసిచ్చిన చీటీని నువ్వు మార్చావు. నా కూతురి బతుకు తీసి ఎవరో కర్రపెండలం అమ్మేదాని కూతురి చేతిలో పెట్టావు. ఆ పిల్ల ఎలా ఉంటుంది? పళ్లు వచ్చాయా? దాన్ని చూసినప్పుడల్లా నీకు ఏమనిపిస్తుంది?

ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి. డొంకతిరుగుడు వద్దు. నీళ్లు ఎక్కించకపోయుంటే నా బిడ్డ బతికేదా? అవునో కాదో రాయి.

ఇంకో సంగతి. నీ ఉత్తరమంతా వెతికాను. ఎక్కడా ఆ మాట లేదు. ఎక్కించమని చెప్పింది నేను. చీటీలో ఏముందో నాకు అనవసరం అని నా చేత్తో నేను రాశాను. అది రాయకుండా ఎందుకు వదిలేశావు? నన్ను కాపాడుదామనా? నేనేం చిన్నపిల్లనా? ఆ దయ కూడా నాకక్కర్లేదు. ఆ మాట నాది. నాకు ఇచ్చెయ్యి.

అసెకెన్యే


అజెలెక్
మార్చి 8

అక్కా,

డాక్టర్ ఎతియాంగ్‌కి అంతా చెప్పేశాను. నీ పేరు చెప్పలేదు. నువ్వు చెప్పమన్నా చెప్పను. చెయ్యి నాది.

ఆయన అరుస్తాడనుకున్నాను. కళ్లద్దాలు తీసి చాలాసేపు చొక్కాతో తుడిచాడు. "రెండు పేర్లు తారుమారయ్యాయి. పరిశోధన నడిపేవాళ్లకి రాయాలి అముగే, దాచడానికి లేదు" అన్నాడు. రాశాడు. నన్ను రెండు నెలలు డ్యూటీలోంచి తీసేశారు. తిరిగొచ్చాక కట్లు కట్టే గదిలో వేస్తారట, పిల్లల వార్డులోకి రానివ్వరు. తక్కువ శిక్షే.

అదెకెకి కూడా చెప్పాలన్నారు. నేనే వెళ్లాను. బజారులో దుంపలు పేరుస్తోంది. చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూతుర్ని గబుక్కున వెనక్కి లాక్కుంది, నేను మళ్లీ ఏదో మార్చేస్తానన్నట్టు. కాసేపటికి "మీ పాప పేరేంటి సిస్టర్?" అని అడిగింది. చెప్పాను. ఆ పిల్లకి పళ్లు వచ్చాయి అక్కా. నాకు చూడబుద్ధి కాలేదు, చూశాను.

నీ ప్రశ్నే నేను డాక్టర్‌ని అడిగాను. అవునో కాదో చెప్పమన్నాను. "తెలియదు. నీళ్లు లేకుండా కూడా పిల్లలు పోయారు. ఎక్కువగా పోయిన ఆ ముగ్గురూ ఎవరో మన కాగితాల్లో ఉండదు" అన్నాడు. నీకు నేను ఇవ్వగలిగిన జవాబు అదే. అవునని రాస్తే నీకు తిట్టడానికి నేను దొరుకుతాను, కాదని రాస్తే నాకు నిద్ర పడుతుంది. రెండూ అబద్ధాలే.

నీ పక్కన ఉన్న ఆరోగ్య కేంద్రాల్లో ఈ కబురు ఎవరికీ అంది ఉండదు. అందుకే రాస్తున్నాను. విరేచనాలతో ఎండిపోయిన పిల్లలకి నీళ్లు కావాలి, అది వేరే. జ్వరంతో చల్లబడిన పిల్లలకి గబగబా ఎక్కించకూడదు. మలేరియా సూది వెంటనే వెయ్యాలి, రక్తం దొరికేచోటికి తీసుకెళ్లాలి. నా మీద కోపంతో ఈ కాగితం మాత్రం చింపకు.

అముగే


లొకితెలా
మే 27

చెల్లీ,

చింపలేదు. చింపుదామనే రెండుసార్లు తీశాను.

పోయిన మంగళవారం నాపెయోక్ బడికి రాలేదు. గంజి పొయ్యి వెలగలేదు. చూద్దామని వెళ్తే, నాకుట్‌ని ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి పరిగెడుతోంది. నేనూ వెనకే పరిగెత్తాను. ఆ పిల్ల చేతులు పట్టుకున్నాను. మోచేతుల దాకా చల్లగా ఉన్నాయి.

మా కంపౌండరు లోమోంగిన్ అప్పటికే బాటిల్ మేకుకి తగిలించాడు. విరేచనాలున్నాయా అని అడిగాను. లేవు, జ్వరమే అన్నారు. "ఆపు" అన్నాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "టీచరమ్మా, మీరు ఎక్కాలు చెప్పుకోండి" అన్నాడు. ఇంటికి పరిగెత్తి నీ ఉత్తరం తెచ్చాను. నిలబడే చదివాడు. "నాకు పైనుంచి ఏ కాగితమూ రాలేదే" అన్నాడు, గొంతు తగ్గించి. బాటిల్ దించేశాడు. మలేరియా సూది వేశాడు. పెద్దాసుపత్రి బండి కోసం కబురు పంపాడు.

నాపెయోక్‌కి నా సంగతంతా తెలుసు. నేనే చెప్పుకున్నాను. అది నా గుడ్డ పట్టుకుని లాగింది. "నీ బిడ్డకి నీళ్లు కావాలన్నావు. చెల్లెలితో దొంగతనం చేయించావు. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి వద్దంటావా? నీది పోయింది కాబట్టి నాది కూడా పోవాలా?" అని అరిచింది. ఊరంతా విన్నారు. నేను దించిన బాటిల్‌కి అడ్డంగానే నిలబడ్డాను. తప్పుకుని ఉంటే సుఖంగా ఉండేది. ఆమె ఏమడిగితే అది చెయ్యనిచ్చి, ఇంటికొచ్చి పడుకునేదాన్ని.

బండి మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నాకుట్ ఆ పొద్దున్నే పోయింది.

మూడు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. పిల్లలు బడికి రాలేదు. లోమోంగిన్ ఒక్కడు వచ్చి "మనం చేసింది సరైనదే కదా టీచర్?" అని అడిగాడు. సరైనదే అన్నాను. నువ్వు రాసిన కాగితం మీద నాకు నమ్మకం ఉంది. రేపు ఇంకో బిడ్డ అలాగే వస్తే మళ్లీ అడ్డం నిలబడతాను. కానీ నాకుట్ మొహం నా కళ్ల ముందు నుంచి పోదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఇవాళ పొద్దున నాపెయోక్ వచ్చింది. బిడ్డ పోయినందుకు గుండు చేయించుకుంది. గుమ్మం దగ్గర కూర్చుని, అరవకుండా, ఏడవకుండా అడిగింది. "టీచరమ్మా, నీళ్లు ఎక్కించి ఉంటే బతికేదా?"

బతకదు అని చెబుదామని నోరు తెరిచాను. అంతకన్నా తేలికైన మాట లేదు. ఆమెకీ హాయి, నాకూ హాయి. నోట్లోంచి రాలేదు.

"తెలియదు" అన్నాను.

ఆమె కొడుతుందనుకున్నాను. తిట్టి వెళ్లిపోతుందనుకున్నాను. నా మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. నేను నీకు రాసిన ఉత్తరం అప్పుడు గుర్తొచ్చింది. అవునో కాదో రాయమని నీ పీక పట్టుకున్నాను కదా. నువ్వు ఆ మాట రాయడానికి ఎన్ని కాగితాలు పారేసి ఉంటావో.

నీ కట్ల గదిలో సెలవు దొరికితే లారీ ఎక్కి రా. ఏమీ తేవద్దు. ఏమీ చెప్పొద్దు కూడా. వచ్చి నా దగ్గర ఉండు.

నాపెయోక్ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఎండ దాని మీదికి వచ్చేసింది, అయినా జరగలేదు. వెళ్లి పక్కన కూర్చుంటాను.

అక్క